"నో టెక్" గడిలో మన పేర్లు: తండాకు లెక్కల పాఠం దూరం నుంచి వచ్చిన కథ



పోయిన వారం మన గ్రూపులో బత్తలపల్లి పక్క తండా నుంచి ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, పదో తరగతి లెక్కలు రోజూ ఫోన్‌లో పాఠాలు చూసి నేర్చుకోవచ్చా? లేదా ధర్మవరంలో ట్యూషన్ పెట్టుకోవాల్నా?" రెండు లైన్లు రాసి వదిలేద్దామని కూర్చున్నా. రాసే కొద్దీ ఎక్కడెక్కడికో పోయింది. కొంచెం ఓపికగా చదవండి.

ముందు ఒక అంకె చెప్తా. 2022 జూన్ 6న మన రాష్ట్రం పదో తరగతి ఫలితాలు వచ్చినాయి. 6,15,908 మంది పరీక్ష రాస్తే పాసైంది 4,14,281 మంది, అంటే 67.26 శాతం. మూడేళ్ల ముందు, 2019లో, ఇదే పరీక్షలో 94.88 శాతం పాసైనారు. మధ్యలో 2020, 2021 రెండేళ్లూ కరోనా వల్ల పరీక్షలే లేవు, అందరినీ పాస్ చేసినారు. ఆ 2022లో జిల్లాల పట్టిక చూస్తే అన్నిటికంటే అడుగున ఉండేది మన ఉమ్మడి అనంతపురం: 49.70 శాతం. రాసినవాళ్లలో సగానికి పైగా తప్పినారు. ఆ సగంలో నేనూ ఉన్నా. పోయింది ఒక్క లెక్కల్లోనే.

ఆ రోజు పేపర్లలో, టీవీల్లో "పిల్లలు ఫోన్లకు అలవాటు పడి చెడిపోయినారు" అని మాట్లాడినారు. మా తండాలో అప్పటికి టచ్ ఫోన్లు ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. ఏ ఫోన్‌కు అలవాటు పడినామో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అందుకే ఈ చరిత్ర అంతా తవ్వుకోవాల్సి వచ్చింది.

కొంచెం వెనక్కి పోదాం. లెక్కలంటే మనవాళ్లకు రావు అనేది ఎక్కడ మొదలైందో తెలీదు కానీ అది అబద్ధం. మన సుగాలీ పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశాలు తిరిగి వ్యాపారం చేసినవాళ్లు. ఎన్ని ఎద్దులు, ఒక్కో ఎద్దు మీద ఎంత బరువు, ఎక్కడ కొంటే ఎంత, ఎక్కడ అమ్మితే ఎంత, దారిలో ఎంత పోతుంది, ఇదంతా నోటి లెక్క. కాగితం లేదు. రోడ్లు, రైళ్లు వచ్చినాక ఆ వ్యాపారం పోయింది. ఆపైన ఇంగ్లీషు వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చినారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది, అప్పుడు మన అనంతపురం అందులోనే ఉండేది. ఎరుకల అన్నదమ్ములను ఎట్లా సెటిల్‌మెంట్లలో పెట్టినారో ఈ గ్రూపులో చాలాసార్లు రాసుకున్నాం. ఆ చట్టం రద్దయింది 1952లో. అంటే మా దాదా పుట్టినప్పటికి ఇంకా ఉంది. స్కూల్లో పలక పట్టుకునే వయసులో పోలీస్ స్టేషన్ హాజరు గురించి విన్న తరం అది. లెక్కలు రాకపోవడం కాదు, లెక్కల మాస్టారు దగ్గరికి పోయే దారి లేకపోవడం.

దారి ఎట్లా వచ్చింది అంటే, మొదట పిల్లను తీసుకుపోయి మాస్టారు దగ్గర పెట్టినారు. అదే గురుకులం. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటిది, ఆ తర్వాత గుంటూరు పక్క తాడికొండ, మన హిందూపురం దగ్గర కొడిగెనహళ్లి. రాయలసీమలో కొడిగెనహళ్లి పేరు చెప్తే ఇప్పటికీ తల్లిదండ్రుల ముఖాలు వెలుగుతాయి. తర్వాత గిరిజన సంక్షేమ హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు వచ్చినాయి. మన పిల్లల్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లను అడగండి, ఎక్కువమంది ఏదో ఒక హాస్టల్ అన్నం తిన్నవాళ్లే. హాస్టల్‌లో సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది. పక్కన సీనియర్ ఉంటాడు. "అన్నా, ఈ లెక్క ఎట్లా" అంటే తిట్టుకుంటూ అయినా చెప్తాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత దీని దగ్గరికే వస్తా.

రెండో దారి, పిల్ల ఉన్న చోటికే పాఠాన్ని పంపడం. ఇది కరోనాతో మొదలైంది అనుకుంటారు చాలామంది. కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, సరిగ్గా ఒక ఏడాది, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకొని మన దేశం 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు పంపింది. సైట్ ప్రయోగం అంటారు దాన్ని. ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల గూటికి వేసే ఇనుప జాలీతో చేసిన పెద్ద గొడుగు లాంటి యాంటెన్నా, ఊరి బడిలో ఒక టీవీ. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. కరెంటే సరిగా లేని ఊళ్లు అవి. ఏడాది తర్వాత ఉపగ్రహం పక్కకు జరిగిపోయింది, పాఠం ఆగిపోయింది.

1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినారు, దేశంలో అటువంటిది అదే మొదటిది. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉంది. పుస్తకం పోస్టులో వస్తుంది, ఆదివారం క్లాసుకు పోవాలి. బడి మానేసినవాళ్లకు ఓపెన్ స్కూల్ వచ్చింది. 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ పైకి పోయింది, చదువు కోసమే పంపిన ఉపగ్రహం. మన టీవీ అని హైదరాబాద్ నుంచి పాఠాలు వచ్చేవి. 2017లో దీక్ష యాప్, స్వయంప్రభ చానళ్లు వచ్చినాయి. మన పాఠ్యపుస్తకాల్లో ఆ నల్ల చుక్కల పెట్టె గుర్తుందా, స్కాన్ చేస్తే వీడియో వచ్చేది? అది దీక్షదే. నేను ఎనిమిదో తరగతిలో ఆ పెట్టెకు పెన్నుతో మీసాలు గీసినా. దాన్ని స్కాన్ చేసే ఫోన్ ఇంట్లో ఉంటే కదా.

ఇట్లా యాభై ఏళ్లుగా పాఠం ఆకాశంలో తిరుగుతానే ఉంది. కింద దాన్ని పట్టుకునేవాళ్ల సంగతే తేలలేదు.

ఇంక 2020. మార్చిలో బడులు మూసినారు. మార్చి 31న మొదలు కావాల్సిన పదో తరగతి పరీక్షలు వాయిదా పడినాయి. జులైలో పెడతామన్నారు, పదకొండు పేపర్లను ఆరు చేసినారు, చివరికి జూన్ 20న అప్పటి విద్యాశాఖ మంత్రి ఆదిమూలపు సురేష్ రద్దు అని చెప్పినారు. ఆ మధ్యలో దూరదర్శన్ సప్తగిరిలో "విద్యామృతం" పేరుతో పదో తరగతి పాఠాలు మొదలైనాయి, తర్వాత "విద్యావారధి" పేరుతో చిన్న క్లాసులకు కూడా. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లో వచ్చినాయి.

అదే ఏప్రిల్‌లో ఇంకోటి జరిగింది, మనవాళ్లు మరిచిపోకూడదు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని 2000 సంవత్సరంలో ఇచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. మన అనంతపురం తండాలు షెడ్యూల్డ్ ఏరియాలో లేవు కాబట్టి మనకు నేరుగా తగల్లేదు. కానీ చూడండి, ఒక పక్క పిల్లల భాష తెలిసిన మాస్టారు ఉద్యోగం గురించి తీర్పు, ఇంకో పక్క ఎవరి భాషా తెలియని టీవీ పాఠం, రెండూ ఒకే నెలలో.

అప్పుడు అధికారులు పిల్లలను మూడు గుంపులు చేసినారు. ఇంటర్నెట్, స్మార్ట్‌ఫోన్ ఉంటే హైటెక్. టీవీ, రేడియో ఉంటే లోటెక్. ఏమీ లేకపోతే నోటెక్. మా సారు ఫోన్ చేసి అడిగి రాసుకున్నారు. ఆయన్ను తప్పు పట్టను, ఎండలో తండా తండాకూ బండి మీద తిరిగిన మనిషి. మా నాయన "టీవీ ఉంది సార్" అన్నాడు. నేను లోటెక్ అయినా. మా పక్కింటి పాప నోటెక్.

లోటెక్ బతుకు ఎట్లా ఉండిందో చెప్తా. టీవీ ఉంది, నిజమే. కానీ పాఠం వచ్చే వేళకు కరెంటు ఉండాలి, ఇంట్లో మనిషి ఉండాలి. వేరుశనక్కాయ విత్తనం వేసే రోజులు, ఆ తర్వాత కలుపు రోజులు. బెంగళూరులో బేల్దారి పనులు ఆగిపోయి అందరూ తండాకు తిరిగొచ్చినారు, చేతిలో డబ్బు లేదు. తొమ్మిదో తరగతి పిల్లోడు పగటిపూట టీవీ ముందు కూర్చుంటే మా యాడి ఏమంటుంది? "సినిమా చూస్తున్నావా" అంటుంది. అది పాఠం అని చెప్తే నమ్మేది కాదు. నవ్వు లేకుండా ఒకాయన బోర్డు మీద రాస్తా ఉంటే అప్పుడు నమ్మింది.

అదే రోజుల్లో మన బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిని కోవిడ్ ఆసుపత్రి చేసినారు. అంబులెన్సులు వస్తా పోతా ఉంటే మండలం మండలమే బిక్కుబిక్కుమని ఉండింది. పక్క ఊరికి పోయి అడిగి చెప్పించుకుందాం అన్నా ఎవరూ రానిచ్చే పరిస్థితి కాదు.

ఇప్పుడు లెక్కల సంగతి. సోషల్ పాఠం టీవీలో వింటే కొంత నిలుస్తుంది. తెలుగు పద్యం వింటే ఇంకా బాగుంటుంది. లెక్క అట్లా కాదు. టీవీలో సారు వర్గ సమీకరణం చేస్తా ఉన్నాడు. "విచక్షణి బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ" అని రాసి, విలువలు పెట్టి, 49 వచ్చింది అన్నాడు. నాకు 1 వచ్చింది. సి దగ్గర మైనస్ ఉంది, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అవుతుంది, ఆ చిన్న ముక్క నేను ఆరో తరగతిలో జారవిడుచుకున్నా. సారుకు నేను కనపడను. ఆయన ముందుకు పోయినాడు. 49కి వర్గమూలం 7, మూలాలు ఇవీ, తర్వాత లెక్క. నేను ఇంకా ఆ 49 దగ్గరే కూర్చోని ఉన్నా. టీవీకి ఆపే బటన్ లేదు. ఆ రోజు పాఠం నాకు అక్కడితో అయిపోయింది, ఇంకా ఇరవై నిమిషాలు మిగిలే ఉంది.

లెక్కల్లో ఒక మెట్టు విరిగితే పైమెట్లన్నీ ఉన్నా లేనట్టే. తరగతి గదిలో అయితే సారు నా ముఖం చూస్తాడు. చూడకపోయినా పక్కనోడి నోట్సులోకి తొంగి చూస్తా. ఆ తొంగి చూసే పక్కనోడే దూరం పాఠంలో లేకుండా పోయినాడు.

దీంట్లో భాష ముడి కూడా ఉంది. ఇంట్లో మేము ఏక్, దీ, తీన్ అని లెక్కపెడతాం. బడిలో ఒకటి, రెండు, మూడు. ఈ మధ్య ఇంగ్లీషు మీడియం. "కర్ణం" అంటే ఊరి కరణం అనుకున్న పిల్లలు మా క్లాసులో ఉన్నారు, నవ్వద్దండి, నేనూ అందులో ఒకణ్ణి. క్లాసులో అయితే గోర్ బోలీలో ఒకడు ఇంకొకడికి చెప్పుకుంటాడు: ఇది పొడవుది, ఏటవాలుగా ఉండేది. అంతే, తెలిసిపోతుంది.

వేరే చోట్ల ఏం చేసినారో చూస్తే నాకు అసలు సంగతి తెలిసింది. మెక్సికో దేశంలో 1968లోనే టెలిసెకుందారియా అని పెట్టినారు. కొండ ఊళ్లు, ఆదివాసీ ఊళ్లు, హైస్కూలు టీచర్లు దొరకని చోట్లు. సబ్జెక్టుకు ఒక టీచరును పంపలేరు. కాబట్టి పాఠం టీవీలో వస్తుంది. కానీ గదిలో ఒక టీచరు ఉంటాడు, అన్ని సబ్జెక్టులకూ ఆయనొక్కడే. కొద్దిసేపు టీవీ, తర్వాత ఆయనతో కలిసి పుస్తకంలో లెక్కలు చేసుకోవడం. యాభై ఏళ్లు దాటినా అది ఇంకా నడుస్తా ఉంది. ఆస్ట్రేలియాలో 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి రేడియో బడి మొదలైంది, వందల మైళ్ల దూరంలో ఉండే పశువుల క్షేత్రాల పిల్లలకు. అక్కడ రేడియో రెండు వైపులా పని చేస్తుంది, పిల్ల తిరిగి మాట్లాడవచ్చు. పక్కన తల్లో, ఇంకెవరో కూర్చొని పాఠం చేయిస్తారు.

దూరం ఎందుకు, కేరళ చూడండి. 2020 జూన్ 1నే విక్టర్స్ చానల్‌లో ఫస్ట్ బెల్ అని పాఠాలు మొదలుపెట్టినారు. అక్కడా టీవీ లేని పిల్లలు, ఫోన్ లేని పిల్లలు ఉన్నారు, మొదటి రోజుల్లో చాలా బాధలు జరిగినాయి. కానీ ఆదివాసీ కాలనీల్లో అంతకు ముందే పెట్టుకున్న సామూహిక చదువు గదులు పనికి వచ్చినాయి, పిల్లలను అక్కడ కూర్చోబెట్టి పాఠం చూపించినారు. జార్ఖండ్ దుమ్కా జిల్లాలో సంతాల్ పిల్లలకు ఒక బడి మాస్టార్లు చెట్లకు మైకులు కట్టి పాఠం చెప్పినారు. మైకులో లెక్క చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి! అయినా పిల్లలు చెట్ల కింద గుంపుగా కూర్చున్నారు, పక్కనోడు ఉన్నాడు.

కొందరు రామానుజన్ పేరు చెప్తారు. కుంభకోణంలో ఒక్క పుస్తకం పెట్టుకొని ఒంటరిగా నేర్చుకున్నాడు, మీకేమైంది అంటారు. ఆయన కూడా 1913 జనవరిలో కేంబ్రిడ్జి హార్డీకి ఉత్తరం రాసినాడు కదా. చూసి చెప్పే మనిషి కోసమే కదా రాసినాడు. ఇప్పుడు ప్రపంచమంతా చూసే ఖాన్ అకాడమీ కూడా 2004లో ఒకాయన దూరపు ఊరిలో ఉన్న తన బంధువుల పాపకు ఫోన్‌లో లెక్కలు చెప్పడంతోనే మొదలైంది. ఒక మనిషి, ఒక పాప. వీడియోలు వచ్చింది ఆ తర్వాత.

మా బ్యాచ్ కథ ముగిస్తా. 2020 నవంబర్ 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచినారు, 2021 ఏప్రిల్‌లో మళ్లీ మూసినారు, ఆగస్టు 16న మళ్లీ తెరిచినారు. ఎనిమిది చివర, తొమ్మిది ముక్కలు ముక్కలు, పది సగం. 2022 ఏప్రిల్ 27న పరీక్ష మొదలు. రెండేళ్లుగా ఎవరూ పరీక్ష రాయలేదు, ముందు వరుసలో మేము నిలబడినాం. ఫలితం మొదటే చెప్పినా.

సప్లిమెంటరీ జులైలో. నాకు ఒక్క నెల ఉంది. మా నాయన బెంగళూరు నుంచి పాత టచ్ ఫోన్ ఒకటి తెచ్చినాడు, తెర మీద గీత ఉంది కానీ పని చేస్తుంది. రోజుకు ఒకటిన్నర జీబీ. రోజూ సాయంత్రం ఒక పాఠం, యూట్యూబ్‌లో. సిగ్నల్ కోసం గుట్ట మీదికి పోయేది. ఈసారి తేడా ఏమంటే ఆపే బటన్ ఉంది. అంతకంటే పెద్ద తేడా, మా పక్క ఎరుకల వీధిలో ఒక అక్క అనంతపురంలో బీఎస్సీ చదువుతా సెలవులకు వచ్చింది. ఆమె పాఠం చెప్పలేదు. వీడియో నేను చూసుకోవాలి. ఆమె వచ్చి నోట్సు చూసి "ఈ లైను నుంచి ఈ లైనుకు ఎట్లా వచ్చినావు?" అని అడిగేది. నేను "వీడియోలో అట్లానే ఉంది అక్కా" అంటే పుస్తకం మూసేసేది.

త్రికోణమితి అనువర్తనాలు ఆమె నాకు చేయించిన తీరు చెప్తా. సూర్యుడి ఊర్ధ్వ కోణం 60 డిగ్రీలు ఉన్నప్పటి కంటే 30 డిగ్రీలు ఉన్నప్పుడు టవర్ నీడ 40 మీటర్లు ఎక్కువ, టవర్ ఎత్తు ఎంత? వీడియోలో ఐదు లైన్లలో 20 రూట్ 3 వచ్చేసింది. ఆమె నన్ను బయటికి పిలిచి గుట్ట మీది సెల్ టవర్ చూపించింది. "మధ్యాహ్నం దాని నీడ ఎక్కడ పడుతుంది, సాయంత్రం ఎక్కడ పడుతుంది?" సాయంత్రం నీడ సాగుతుందని మేకలు కాసినవాడికి చెప్పాల్నా. ఎత్తు మారదు, నీడ మారుతుంది. కోణం 30 అయితే నీడ ఎత్తుకు రూట్ 3 రెట్లు, 60 అయితే ఎత్తును రూట్ 3తో భాగించినంత. రెండింటికీ తేడా 40. ఆ రోజు రూట్ 3 అంటే భయం పోయింది. సుమారు 34.6 మీటర్లు అని నేనే చెప్పినా.

పాసైనా. గొప్ప మార్కులేం కావు.

ఆ డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో సభ పెట్టి, ఎనిమిదో తరగతి ప్రభుత్వ బడి పిల్లలకు ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టినారు, లోపలే పాఠాలు నింపి, నెట్ లేకపోయినా నడిచేటట్టు. మరుసటి ఏడాది సభ మన అల్లూరి జిల్లా చింతపల్లిలో జరిగింది. మా చెల్లెలికి వచ్చింది. నెట్ అక్కర్లేదు అనేది నిజంగా పెద్ద సంగతి, గుట్ట ఎక్కాల్సిన పని తప్పింది. చెల్లెలు సరూప త్రిభుజాల పాఠం మూడుసార్లు చూసి నా దగ్గరికి వచ్చింది. నేను ఏం అడిగి ఉంటానో మీకు తెలుసు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు వస్తే: ఫోన్‌లో నేర్చుకోవచ్చు. రోజుకు ఒక్క పాఠమే చూడు, నాలుగు చూడద్దు. ప్రతి లెక్కనూ వీడియో ఆపి ముందు నువ్వే చేయి, తర్వాత చూడు. ధర్మవరం ట్యూషన్‌కు పెట్టే బస్సు చార్జీతో పెద్ద నోట్సు నాలుగు కొనుక్కో. కానీ నీ నోట్సు చూసేదానికి వారానికి రెండుసార్లయినా ఒక మనిషి కావాలి. మీ ఊళ్లో ఆర్డీటీ సాయంత్రం బడి నడుస్తా ఉంటే అక్కడ అడుగు. లేదంటే నాకు ఫోటో పెట్టు, జవాబు చెప్పను, ఏ లైను దగ్గర తప్పినావో మాత్రం చెప్తా.

మిగతావాళ్లు, ముఖ్యంగా 2020 నుంచి 2022 మధ్య పదో తరగతికి వచ్చినవాళ్లు, మీ తండాలో, మీ గూడెంలో, మీ వీధిలో ఆ రెండేళ్లు లెక్కలు ఎవరు చెప్పినారో కింద రాయండి. మీ సారు పట్టికలో మిమ్మల్ని ఏ గడిలో రాసుకున్నారో కూడా.

మా పక్కింటి నోటెక్ పాప ఇప్పుడు బత్తలపల్లిలో టైలరింగ్ చేస్తా ఉంది. పదో తరగతి ఓపెన్ స్కూల్లో కడదామని అడిగింది. పోయిన ఆదివారం నుంచి మైనస్ ఇంటూ మైనస్ దగ్గర మొదలుపెట్టినాం.